హార్టిల్‌పూల్‌ రేవులో బొంబాయి ఓడ

ఈ ఊళ్లో కట్టిన ఓడలు వందలు. ఈరోజు ఊరివాళ్లు గర్వంగా చూపించే ఓడ మాత్రం బొంబాయిలో పుట్టింది. ఈశాన్య ఇంగ్లండులో, ఉత్తర సముద్రం ఒడ్డున ఉన్న హార్టిల్‌పూల్‌ కథలో తమాషా అదే.

పాత హార్టిల్‌పూల్‌ జాలర్ల ఊరు. ఏడో శతాబ్దంలో హిల్డా అనే సన్యాసిని ఇక్కడి మఠాన్ని నడిపింది. ఊరి దశ తిప్పింది డర్హం గనుల బొగ్గు. దాన్ని ఓడలకెక్కించడానికి రాల్ఫ్‌ వార్డ్‌ జాక్సన్‌ అనే వ్యాపారి పక్కనే కొత్త రేవు కట్టించాడు. 1847లో అది తెరుచుకున్నాక వెస్ట్‌ హార్టిల్‌పూల్‌ అనే పట్నమే లేచింది. విలియం గ్రే కంపెనీ ఓడల మీద ఓడలు దించింది. ఆ సంపదే శత్రువు కంట్లోనూ పడింది. 1914 డిసెంబరు 16 ఉదయం జర్మనీ యుద్ధనౌకలు వెయ్యికి పైగా గుళ్లు కురిపిస్తే వందమందికి పైగా చనిపోయారు. 1961లో ఊరి చివరి ఓడ నీళ్లలోకి దిగింది.

అన్నట్టు, నెపోలియన్‌ కాలంలో ఒడ్డుకు కొట్టుకొచ్చిన కోతిని ఫ్రెంచి గూఢచారి అనుకుని ఉరితీశారని ఈ ఊరిమీద ఒక కథ ఉంది. ఎగతాళికి పుట్టిన కథే కావచ్చు. ఊరివాళ్లు మాత్రం ఉడుక్కోలేదు. 2002లో ఫుట్‌బాల్‌ మైదానంలో కోతి వేషం వేసే కుర్రాణ్నే మేయరుగా గెలిపించారు!

ఇక మన ఓడ సంగతి. ఫ్రాన్సుతో యుద్ధాల్లో ఇంగ్లండు ఓక్‌ కలప కరువైపోయింది. దాంతో బ్రిటిష్‌ నౌకాదళం బొంబాయి వైపు చూసింది. పార్సీ మేస్త్రి జంషెడ్జీ బొమన్జీ వాడియా మలబారు టేకుతో ‘ట్రింకోమలీ’ని కట్టి 1817 అక్టోబరులో నీళ్లలోకి దించాడు. టేకు తొందరగా పుచ్చదు. ఇంగ్లీషువాళ్ల ‘టీక్‌’ కూడా మలయాళం ‘తేక్కు’ నుంచి పోర్చుగీసుల నోట పడి వెళ్లిన మాటే. మన ‘టేకు’కు అది వరసకు చెల్లెలు. అట్లాంటిక్‌, పసిఫిక్‌లలో తిరిగి, తర్వాత శిక్షణ ఓడగా ముసలిదైన ట్రింకోమలీ 1987లో హార్టిల్‌పూల్‌ చేరేసరికి శిథిలంగా ఉంది. పదేళ్లకు పైగా పనివాళ్లు దాన్ని బాగుచేశారు. అసలు కలపలో సగానికి పైగా నిలిచే ఉంది. బ్రిటిష్‌ నౌకాసేనాని నెల్సన్‌ ఓడ ‘విక్టరీ’ ఇంతకన్నా పాతదే కానీ, అది నీళ్లు లేని డాక్‌లో కూర్చుంది. ఇంకా నీటిమీద తేలుతున్న బ్రిటిష్‌ యుద్ధనౌకల్లో అన్నిటికన్నా పెద్దది వయసులో ఇదే.

న్యూకాజిల్‌లో చదివే పిల్లల్ని చూడ్డానికి వెళ్లే అమ్మానాన్నలకు ఒక మాట: అక్కణ్నుంచి రైల్లో గంట ప్రయాణం. వెళ్లి ఆ టేకును ఓసారి చేత్తో తడిమి రండి.