కార్డు మీది లిపి

2004 మే 11న అమెరికాలోని బఫెలో పట్నంలో స్టీవ్ కర్ట్జ్ అనే కళాకారుడి భార్య నిద్రలోనే గుండె ఆగి చనిపోయింది. సాయానికి వచ్చినవాళ్ళు ఇంట్లో గాజు పళ్ళేలూ, సూక్ష్మజీవుల్ని పెంచే సామానూ చూసి అనుమానపడ్డారు. ఎఫ్.బి.ఐ. దిగింది. వాళ్ళకు అనుమానం కలిగించిన వాటిలో ఒక చిత్రప్రదర్శన ఆహ్వానపత్రం కూడా ఉంది. కారణం? దాని మీద అరబ్బీ అక్షరాలున్నాయి!

మేం చిత్తూరోళ్ళం. మా పెళ్ళికార్డుకు ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఉర్దూ. కుడి నుంచి ఎడమకు నడిచే అక్షరాన్ని ఎలా చూస్తారో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కర్ట్జ్ బృందం పేరు క్రిటికల్ ఆర్ట్ ఎన్సెంబుల్. ప్రజారోగ్యానికి పెట్టాల్సిన డబ్బు సూక్ష్మజీవుల యుద్ధ పరిశోధనకు ఎందుకు పోస్తున్నారన్నదే వాళ్ళ ప్రశ్న. 1952లో బ్రిటన్ సైన్యం స్కాట్లండులోని లూయిస్ దీవి దగ్గర సముద్రంలో ప్లేగు క్రిముల్ని గినీపందుల మీదికి వదిలి చూసింది. ఆ మేఘంలోంచి ఒక చేపలపడవ వెళ్ళింది. పడవవాళ్ళకు ఒక్క ముక్క చెప్పలేదు. ఆ ప్రయోగాన్నే ఈ బృందం ప్రమాదంలేని జీవితో మళ్ళీ ఆడి చూపింది. 'మార్చింగ్ ప్లేగ్' అని సినిమా తీసింది.

కర్ట్జ్ మీద చివరికి మోపిన నేరం ఉగ్రవాదం కాదు, 256 డాలర్ల క్రిముల్ని మోసంతో తెప్పించుకున్నాడని! అందులో సెరేషియా అనే జీవి ఉంది. 1950లో అమెరికా నౌకాదళం జనానికి చెప్పకుండా శాన్‌ఫ్రాన్సిస్కో మీదికి చల్లింది దాన్నే. 2008లో జడ్జి కర్ట్జ్ కేసు కొట్టేశాడు. ఆ నాలుగేళ్ళూ సాటి కళాకారులు తమ బొమ్మలు వేలం వేసి మరీ వెంట నిలబడ్డారు.

2020లో ఆ అనుమానం మా ఇళ్ళకొచ్చింది. నిజాముద్దీన్ జమాత్ పేరుతో 'కరోనా జిహాద్' అన్నారు. అంటే నడిచే క్రిమిబాంబులం మేం! మా జిల్లా నుంచే గెలిచిన నాటి ఉపముఖ్యమంత్రి ఒకరు ముస్లింల మీద నోరుజారి, తర్వాత క్షమాపణ చెప్పుకున్నారు. చెంచాలు, పళ్ళేలు నాకుతున్నారని ఊరేగించిన వీడియో 2018 నాటికే ఉన్న పాతది. దస్తర్‌ఖాన్ మీద మెతుకు పారేయకూడదని బోహ్రాలు పాటించే పద్ధతి అది. అన్నాన్ని గౌరవించడం కూడా కుట్రేనా?

ఆ ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ జమాతీల మీది కేసులు కొట్టేసి, వాళ్ళను బలిపశువుల్ని చేశారంది. అప్పటికే దేశంలో చాలాచోట్ల కూరగాయల బండివాణ్ణి ముందు పేరడిగి, తర్వాతే వంకాయల ధర అడిగారు.