చిన్న జాతి కుక్కలలో కండరాల ఈడ్పులు, మూర్ఛ

చిన్న జాతి కుక్కలలో ఉన్నట్టుండి కాళ్ళు బిగుసుకుపోవడం, ఒళ్ళు అదరడం, పడిపోయి కాళ్ళు కొట్టుకోవడం వంటివి కనిపిస్తుంటాయి. వాడుకలో వీటన్నిటినీ ఫిట్స్ అనే అంటారు కానీ ఇవన్నీ ఒకటి కావు. మెదడులోని నాడీకణాల విద్యుత్ చర్య కొద్దిసేపు అదుపు తప్పడం వలన వచ్చేది మూర్ఛ. స్పృహ చెడకుండా కండరాలు వాటంతట అవే బిగుసుకోవడం, అదరడం ఈడ్పు లేదా వణుకు. ఈ రెంటికీ చికిత్స వేరు కనుక తేడా గుర్తించడం ముఖ్యం.

మూర్ఛ లక్షణాలు

మూర్ఛకు ముందు కొన్ని కుక్కలు దిగులుగా తిరుగుతాయి, యజమానిని వదలవు. తరువాత కుక్క ఒక పక్కకు పడిపోతుంది. కాళ్ళు కర్రల వలె బిగుసుకొని, ఆపై ఈత కొడుతున్నట్లు ఆడతాయి. దవడలు కొట్టుకుంటాయి, చొంగ కారుతుంది, మలమూత్రాలు తెలియకుండానే పోతాయి. పిలిచినా పలకదు. ఇది సాధారణంగా ఒకటి రెండు నిమిషాలలో ఆగిపోతుంది. ఆగిన తరువాత కూడా కొంతసేపు, ఒక్కోసారి కొన్ని గంటలపాటు, కళ్ళు కనబడనట్లు గోడలకు తగులుతూ తిరగడం, అతిగా ఆకలి వేయడం ఉంటాయి. వట్టి ఈడ్పులలో ఈ తరువాతి దశ సాధారణంగా ఉండదు. అయితే మెదడులో ఒక భాగానికే పరిమితమైన మూర్ఛలో స్పృహ ఉండి, ముఖమో ఒక కాలో మాత్రమే అదరవచ్చు. అందువలన కంటిచూపుతోనే తేల్చి చెప్పడం పశువైద్యులకు కూడా కష్టం. సెల్‌ఫోనుతో తీసిన వీడియో రోగనిర్ధారణకు ఎంతో ఉపకరిస్తుంది, ఎందుకంటే వైద్యుని వద్దకు చేరేసరికి కుక్క మామూలుగానే ఉంటుంది.

మూర్ఛ వలె కనిపించేవి

స్కాటిష్ టెర్రియర్ జాతిలో ఉత్సాహం, పరుగు ఎక్కువైనప్పుడు నడుము వంగి, వెనుక కాళ్ళు బిగుసుకుపోయే వంశపారంపర్య వ్యాధి ఉంది. దీనిలో స్పృహ పోదు. బోర్డర్ టెర్రియర్లలో వచ్చే ఇటువంటి బిగింపులకు గోధుమలలోని గ్లూటెన్‌తో సంబంధం ఉన్నట్లు 2015లో ప్రచురితమైన పరిశోధనలో తేలింది. గ్లూటెన్ లేని ఆహారంతో అవి తగ్గాయి. మాల్టీస్, వెస్ట్ హైలాండ్ వైట్ టెర్రియర్ వంటి తెల్ల కుక్కలలో యుక్తవయసులో ఒళ్ళంతా వణికే జబ్బు ఒకటి ఉంది. అది ఇతర రంగుల కుక్కలకూ వస్తుంది, స్టెరాయిడ్ మందులతో నయమవుతుంది.

భారతదేశంలో మరువకూడనిది డిస్టెంపర్ వైరస్. ఇది సోకిన కుక్కలో కణత లేదా కాలు ఒకే లయలో, నిద్రలో కూడా, అదురుతూ ఉంటుంది. జబ్బు నుంచి కోలుకున్నా ఈ అదురు జీవితాంతం మిగలవచ్చు. టీకాతో దీనిని నివారించవచ్చు.

కారణాలు

ఆరు నెలల నుంచి ఆరేళ్ళ వయసు మధ్య మొదటిసారి మూర్ఛ వచ్చి, పరీక్షలలో ఏ లోపమూ కనబడకపోతే దానిని స్వతస్సిద్ధ మూర్ఛ అంటారు. చిన్న కుక్కలలో మాత్రం అంతకంటే ముందు ఆలోచించవలసినవి రెండున్నాయి, ఎందుకంటే ఇవి వెంటనే సరిదిద్దగలిగినవి.

మొదటిది రక్తంలో చక్కెర తగ్గడం. చివావా, యార్క్‌షైర్ టెర్రియర్ వంటి బుల్లి జాతుల పిల్లల కాలేయంలో చక్కెర నిల్వ చాలా తక్కువ. కొన్ని గంటలు పాలు, తిండి లేకపోయినా, చలి సోకినా, కడుపులో పురుగులున్నా అవి నీరసించి, వణికి, మూర్ఛపోతాయి. చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో వాడే జైలిటాల్ కూడా ఏ వయసు కుక్కకైనా ఇదే ప్రమాదం తెస్తుంది.

రెండవది ఈనిన తల్లికుక్కలో కాల్షియం పడిపోవడం. పిల్లలు పుట్టిన మొదటి నాలుగు వారాలలో, ముఖ్యంగా పిల్లలు ఎక్కువగా ఉన్న చిన్న తల్లికి ఇది వస్తుంది. తెలుగువారి ఇళ్ళలో పొమరేనియన్ అని పిలిచే కుక్కలు (వీటిలో చాలావరకు నిజానికి ఇండియన్ స్పిట్జ్ జాతివి) ఈ కోవలోనివే. తల్లి ఆయాసపడుతూ, కాళ్ళు బిగుసుకొని, జ్వరంతో పడిపోతుంది. వైద్యుడు గుండెను గమనిస్తూ కాల్షియంను నెమ్మదిగా నరంలోకి ఎక్కిస్తే చాలా త్వరగా లేస్తుంది. బలానికని చూలుతో ఉండగానే కాల్షియం టానిక్కులు పట్టించడం మేలు చేయకపోగా ఈ వ్యాధికి దారితీస్తుంది.

యార్క్‌షైర్, మాల్టీస్ జాతులలో పుట్టుకతోనే పేగుల రక్తం కాలేయాన్ని తప్పించుకొని పోయే లోపం, చివావాలలో మెదడులో నీరు చేరడం, పగ్‌లలో మెదడు వాపు ఇతర కారణాలు.

ప్రథమ చికిత్స

కుక్కను మెట్లకు, నీటికి, పదునైన వస్తువులకు దూరంగా ఉంచి, గడియారం చూసుకోవాలి. కుక్క నాలుకను మింగదు కనుక నోట్లో వేలు పెట్టరాదు. పెడితే కరిచే ప్రమాదం ఉంది. టీకాలు వేయని కుక్క విషయంలో రేబీస్‌ను కూడా అనుమానించాలి. కాటు పడినా, పుండుపై చొంగ తగిలినా పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి వైద్యుని కలవాలి. చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం వంటి మనుషుల విషయంలోని అలవాట్లు కుక్కలకు పనికిరావు, పైగా ఉల్లి తింటే కుక్కకు విషం. చక్కెర తగ్గిన పిల్లకు చిగుళ్ళపై తేనె లేదా గ్లూకోజు రాయవచ్చు, స్పృహ లేనప్పుడు నోట్లో ఏదీ పోయరాదు. ఐదు నిమిషాలు దాటినా, ఒకే రోజులో రెండుసార్లు వచ్చినా అత్యవసరంగా ఆసుపత్రికి చేర్చాలి.

మందులు

ఒక్కసారి మూర్ఛ వచ్చినంత మాత్రాన సాధారణంగా రోజువారీ మందులు మొదలుపెట్టరు. ఆరు నెలలలో రెండు లేదా అంతకంటే ఎక్కువసార్లు వస్తే ఫినోబార్బిటాల్, పొటాషియం బ్రోమైడ్ వంటివి ఇస్తారు. ఫినోబార్బిటాల్ వలన ఆకలి, దాహం పెరుగుతాయి. కాలేయానికి, రక్తంలో మందు మోతాదుకు తరచు పరీక్షలు అవసరం. దానిని అకస్మాత్తుగా మానివేస్తే మూర్ఛలు తీవ్రంగా తిరగబెడతాయి. బ్రోమైడ్ వాడే కుక్కకు ఒకరోజు చప్పిడి అన్నం, మరొకరోజు ఉప్పు కూర కలిపిన అన్నం పెట్టకూడదు. ఉప్పు పెరిగితే మందు మూత్రంలో త్వరగా పోయి మూర్ఛ తిరిగి రావచ్చు.