దారినపోయేవారికి దాహం: లండన్ కథ

ఎండలు ముదిరితే గుంటూరు, ఒంగోలు వీధుల్లో పందిళ్లు లేస్తాయి. కొత్త కుండలకు తడిగుడ్డ చుట్టి, వచ్చిన ప్రతివారికీ చలివేంద్రంలో నీళ్లు పోస్తారు. తాగేవారెవరో పోసేవారికి తెలియనక్కర్లేదు. లండన్‌లో ఇలాంటి మర్యాదకు పుట్టినరోజు కూడా ఉంది: 1859 ఏప్రిల్ 21.

అంతకుముందు ఆ నగరానికి నీళ్లమ్మేది ప్రైవేటు కంపెనీలు. మురుగు కలిసే థేమ్స్ నదే చాలామందికి గతి. 1854లో సోహో పేటలో కలరా వందల ప్రాణాలు తీసింది. అది బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు నీళ్లతో వస్తోందని డాక్టర్ జాన్ స్నో చెప్పాక, పంపు పిడి ఊడదీశారు. వీధిన పోయే కూలీకి భయం లేకుండా తాగే నీళ్లు కరువు. బీరు దుకాణం మాత్రం ఎప్పుడూ దగ్గరే. ఇది చూడలేక పార్లమెంటు సభ్యుడు శామ్యూల్ గర్నీ ఉచిత మంచినీటి సంఘం పెట్టాడు. ఆ ఏప్రిల్ 21నే సెయింట్ సెపల్కర్ చర్చి ప్రహరీలో మొదటి కుళాయి వెలిసింది. గొలుసుతో కట్టిన లోహపు గిన్నెలు, తాగాక గిన్నెను తిరిగి చోటున పెట్టమని రాతిమీద చెక్కిన మాట. వెనక వచ్చేవాడి దాహాన్ని తలచుకోమనడమే అది.

1867లో సంఘం పశువుల తొట్లను కూడా తన పేరులో చేర్చుకుంది. బండిగుర్రాలకూ, సంతకు తోలుకెళ్లే మందలకూ రాతి తొట్లు కట్టించింది. మిర్చి బస్తాలు ఎడ్లబండ్ల మీద గుంటూరు చేరిన కాలం ఎరిగిన పెద్దలకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు.

కుళాయికి కట్టిన ఆ గిన్నె అందరికీ ఒకటే. మన పల్లెల్లో కొందరికి ఎత్తునుంచి దోసిట్లో మాత్రమే నీళ్లు పోసిన చరిత్ర ఉంది, దాన్ని మరవకూడదు. ఇంగ్లండులో ధనిక, పేద తేడాలకు కొదవ లేకపోయినా, వీధి కుళాయి దగ్గర గిన్నె వేరు కాలేదు. సూక్ష్మజీవుల భయం పెరిగాక గిన్నెలు తగ్గి, నోటికి అందేలా ఎగిసే నీటిధారలు వచ్చాయి.

2010 ఏప్రిల్ నుంచి ఇంగ్లండు, వేల్స్‌లలో మద్యం అమ్మే పబ్బులు, హోటళ్లు కుళాయి నీళ్లుంటే అడిగిన కస్టమరుకు ఉచితంగా ఇవ్వాలన్నది చట్టం. అక్కడికి చదువుకు వెళ్లే పిల్లలు ‘కుళాయి నీళ్లు’ అని స్పష్టంగా అడగాలి. ఉత్త ‘నీళ్లు’ అంటే సీసా తెచ్చి బిల్లులో వేయవచ్చు.