మట్టి పరిశీలనలో చేతి ఎక్స్‌ఆర్‌ఎఫ్

మట్టిలో ఏ మూలకం ఎంత ఉందో ఎక్స్ కిరణాల సాయంతో అక్కడికక్కడే చెప్పే పరికరం చేతి ఎక్స్‌ఆర్‌ఎఫ్. పూర్తి పేరు ఎక్స్‌రే ఫ్లోరసెన్స్. కిలోన్నర అటూఇటూ బరువు, పిడి, ట్రిగ్గర్ ఉంటాయి కాబట్టి వాడేవాళ్లు ‘గన్’ అనేస్తారు. బంగారం దుకాణాల్లో క్యారెట్ చూసే పెట్టె కూడా ఈ కుటుంబానిదే.

బెల్లంపల్లి లాంటి చోట ఇలాంటి పరికరం చూడాల్సింది చాలా ఉంది. మంచిర్యాల జిల్లాలోని ఈ ఊరి కింద గోండ్వానా శిలల్లో బొగ్గుంది. దగ్గరలోనే, కాసిపేట మండలం దేవాపూర్‌లో సున్నపురాయి మీద ఆధారపడిన సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. చుట్టుపక్కల ఒకచోట పత్తి పండే రేగడి, మరోచోట ఎర్ర చెల్క. 1920ల చివర్లో సింగరేణి తవ్వకాలు మొదలయ్యాక ఊరు పెరిగింది. తర్వాత ఈ ప్రాంతంలో ఓపెన్‌కాస్ట్ గనులు వచ్చాయి, వాటితోపాటే ఓబీ (బొగ్గు పైనుంచి తీసి పోసిన) మట్టి గుట్టలూ లేచాయి. ఎన్నో మీటర్ల లోతున ఉండాల్సిన రాయి, మట్టి పైకొచ్చి వానకు తడుస్తుంటే, అందులో ఏముందన్న ప్రశ్న రావడం సహజమే.

పరికరం పనిచేసే తీరు ఇది. లోపలి చిన్న గొట్టం నుంచి వెలువడిన ఎక్స్ కిరణం పరమాణువు లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్‌ను ఎగరగొడుతుంది. ఆ ఖాళీలోకి పైకక్ష్య ఎలక్ట్రాన్ దిగుతూ, తేడా శక్తిని మరో ఎక్స్ కిరణంగా వదులుతుంది. ఆ శక్తి మూలకానికొక తీరుగా ఉంటుంది: ఇనుముకు 6.40 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, జింకుకు 8.64. వచ్చే కిరణాలను డిటెక్టర్ శక్తిని బట్టి వేరుచేసి లెక్కపెడుతుంది.

దీనికి పునాది వేసినవాడు ఇంగ్లండు భౌతికశాస్త్రవేత్త హెన్రీ మోస్లీ. మూలకం పరమాణు సంఖ్యకూ అది వదిలే ఎక్స్ కిరణానికీ ఉన్న లెక్కను 1913లో చూపించాడు. రెండేళ్లకే మొదటి ప్రపంచ యుద్ధంలో, గల్లిపోలిలో, ఇరవై ఏడేళ్ల వయసులో చనిపోయాడు. 1923లో హాఫ్నియం అనే మూలకం ఈ పద్ధతిలోనే దొరికింది. ప్రయోగశాలల్లో వాడే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రాలు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చాయి. రేడియోధార్మిక మూలకాలను కిరణ వనరుగా పెట్టుకుని, మోసుకెళ్లగలిగే పరికరాలు 1960లలో మొదలయ్యాయి. విచిత్రమేమంటే, చేతి గన్ చేలల్లోకి రాకముందే ఈ పద్ధతి అంగారకుడిని చేరింది. 1976లో అక్కడ దిగిన వైకింగ్ నౌకలు మట్టిని తీసి, రేడియోధార్మిక వనరులతో ఎక్స్‌ఆర్‌ఎఫ్ పరీక్షే చేశాయి. 2023లో చంద్రుడి మీద ప్రజ్ఞాన్ రోవర్ వాడిన పరికరాల్లో ఒకటి దీనికి దగ్గరి చుట్టం.

తెలుగు నేల మట్టి విషయంలో ఈ పద్ధతి బాగా పేరు తెచ్చుకున్నది హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ, పనివల్ల. పి.కె. గోవిల్ బృందం పటాన్‌చెరు పారిశ్రామిక వాడ మట్టిని పరీక్షించి 2001లో ఫలితాలు ప్రచురించింది. కాటేదాన్ మీద 2008లో మరో అధ్యయనం వచ్చింది. ఇవి గన్‌తో చేసినవి కావు, గదిలో కదలకుండా ఉండే పెద్ద యంత్రంతో చేసినవి. మట్టిని ఆరబెట్టి, మెత్తని పొడి చేసి, బోరిక్ ఆమ్లం అడుగు పరిచి, హైడ్రాలిక్ ప్రెస్ కింద బిళ్లగా నొక్కి, అప్పుడు లోపల పెట్టాలి. ఆర్సెనిక్, క్రోమియం, సీసం లాంటివి ఫ్యాక్టరీల చుట్టూ ఎలా పేరుకున్నాయో పటాల మీద కనబడింది. ఈ ఓపికే గన్ ఫలితానికీ గీటురాయి కావాలి.

చిన్న ఎక్స్‌రే గొట్టాలు వచ్చి, రేడియోధార్మిక వనరు అక్కర్లేని గన్‌లు 2000ల తొలి ఏళ్లలో ప్రచారంలోకి వచ్చాయి. అమెరికా పర్యావరణ సంస్థ ‘పద్ధతి 6200’ 2007లో ఖరారైంది. 2013లో ఐఎస్‌ఓ 13196 ప్రమాణం వెలువడింది. రెండూ దీన్ని ప్రధానంగా జల్లెడ పట్టే పనికే చూస్తాయి: ఎక్కడ అనుమానముందో చూపించు, తుది మాట ప్రయోగశాల చెబుతుంది. గన్‌ను నేరుగా నేలకు ఆనించి చూడొచ్చు, కానీ తేమ 20 శాతం దాటితే అంకెలు చెడతాయి. వానాకాలపు రేగడి దగ్గర ఇది చిన్న ఇబ్బంది కాదు. ఆరబెట్టి, జల్లించి, పలుచటి ప్లాస్టిక్ పొర బిగించిన గిన్నెలో పోసి, నిమిషమో నిమిషన్నరో ట్రిగ్గర్ నొక్కిపట్టడం మేలు.

రైతుకు ఇది పనికొస్తుందా అన్నది బెల్లంపల్లిలో తప్పక వచ్చే ప్రశ్న. ఇక్కడ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. 2015లో మొదలైన భూసార కార్డులో పన్నెండు అంశాలుంటాయి. వాటిలో ఉదజని సూచిక, లవణ స్థాయి, సేంద్రియ కర్బనం, నత్రజని, బోరాన్ గన్‌కు అందవు. తేలిక మూలకాల కిరణాలు బలహీనం, గాలిలోనే ఆగిపోతాయి. భాస్వరం కూడా సరిగ్గా దొరకదు. జింకు బాగానే కనిపిస్తుంది, చిక్కు మాత్రం అక్కడే ఉంది. గన్ చెప్పేది మొత్తం జింకు, మామూలు నేలలో కిలోకు యాభై మిల్లీగ్రాముల ప్రాంతంలో ఉండొచ్చు. పైరు వేరు తీసుకోగలిగేది అందులో అతి కొద్ది భాగం. దాన్ని కొలిచే డీటీపీఏ ద్రావణ పరీక్షలో కిలోకు 0.6 మిల్లీగ్రాముల లోపు వస్తేనే లోపమంటారు. లాకర్లో బంగారం ఉన్నంత మాత్రాన కిరాణా కొట్టు బాకీ తీరదు. గన్ చూపిన అంకె మీద ఆధారపడి జింకు సల్ఫేట్ వేయడం మానుకోవాలని చెప్పేవాళ్లను నమ్మకపోవడమే మంచిది.

కాలుష్యం వెదికేవాళ్లకు మరో మెలిక ఉంది. ఆర్సెనిక్ ముఖ్య కిరణం 10.54, సీసానిది 10.55 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. రెంటినీ విడదీయడం డిటెక్టర్ వల్ల కాదు. అందుకే 12.61 దగ్గర ఉండే సీసపు మరో కిరణం చూసి సీసాన్ని లెక్కగట్టి, మిగిలినదాన్ని ఆర్సెనిక్‌గా తీసుకుంటారు. సీసం ఎక్కువున్న మట్టిలో కొద్దిపాటి ఆర్సెనిక్ ఈ తీసివేతలోనే కొట్టుకుపోతుంది.

ఎక్స్‌రే పరికరం కనుక మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి తప్పనిసరి. ట్రిగ్గర్ నొక్కినప్పుడే కిరణం వస్తుంది, స్విచ్ ఆపితే ఏమీ ఉండదు. అయినా మట్టి సంచిని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో కొలవడం నిషేధం.