ఏలినవారు అడిగిన ప్రశ్న

1854వ సంవత్సరాంతమున, తమ తాలూకా కచ్చేరీని మించిన కచ్చేరీని కన్నులార చూచి యెరుగని రైతులు పలువురు చెన్నపట్టణమునకు దారిపట్టిరి. శిస్తు వసూలు చేయు తరుణమున సర్కారు నౌకరులు తమ్ము నెట్లు చూచుచున్నారో వచ్చి చెప్పుకొనవచ్చునని సర్కారువారే ప్రకటించిరను వార్త వారి చెవిని బడెను. జమాబందీకై కలెక్టరు దొర మకాము చేసినప్పుడు గుడారము వాకిట అర్జీ పట్టుకొని నిలుచుండుట వారికి క్రొత్త గాదు. శిస్తు తగ్గింపుమనియో, చెరువు గండి పూడ్పింపుమనియో వేడుకొనుట తండ్రుల నాటినుండియు నున్న ఆచారమే. కాని ఏలువారు తమంతట ముందుకు వచ్చి, మా కొలువువారి నడవడి యెట్లున్నదని ఏలబడువారిని అడుగుటయు, వచ్చిన సమాధానములను లెక్కించి, తరగతులుగా విభజించి, అచ్చొత్తించుటయు ఆ తరమువా రెరుగని సంగతి. నేడు మనము ప్రజాభిప్రాయ సేకరణమని తేలికగా పిలుచుచున్న కార్యమునకు మన ప్రాంతమున పూర్వోదాహరణము వెదకబోవువారు, మదరాసు చిత్రహింసల విచారణ సంఘము కడకు పోక తప్పదు.

ఆ ప్రశ్న సర్కారువారికి స్వయముగా స్ఫురించినది కాదు. దానిని వారిచేత అడిగించినవాడు ఒక తెలుగు వర్తకుడు. గాజుల లక్ష్మీనరసుశెట్టి చెన్నపట్టణమున వ్యాపారమువలన గడించిన ధనమును పత్రికకును ప్రజాకార్యములకును వెచ్చించి, చివరకు పేదవాడై 1868లో కన్నుమూసిన ఘనుడు. 1844లో ఆయన 'క్రెసెంట్' అను ఇంగ్లీషు పత్రికను నెలకొల్పెను. 1852లో మదరాసు నేటివ్ అసోసియేషనును స్థాపించి, ఈస్టిండియా కంపెనీ పట్టా పునర్విచారణకు రానున్న సమయము కనిపెట్టి, మదరాసు రాజధాని (ప్రెసిడెన్సీ) ప్రజల యిక్కట్లను వివరించుచు పార్లమెంటునకు మహజరు పంపించెను. మరుసటి యేడు హెన్రీ డాన్బీ సేమరు అను పార్లమెంటు సభ్యుడు నిజానిజములు తెలిసికొనుటకై యిచటికి రాగా, శెట్టిగారు ఆయనకు తోడై జిల్లాలు త్రిప్పి, శిస్తు బాకీ పేరిట దేహదండనము ననుభవించిన రైతులను ముఖాముఖిగా చూపించెను. 1854 జూలైలో సేమరు కామన్సు సభలో ఈ ప్రస్తావన లేవనెత్తినంతట, లండనులోని కంపెనీ డైరెక్టర్లకు విచారణకు ఉత్తరు వీయక గత్యంతరము లేకపోయినది. ఆ సెప్టెంబరులోనే ఇ. ఎఫ్. ఎలియట్, హెచ్. స్టోక్సు, జాన్ బ్రూస్ నార్టను అను ముగ్గురు సభ్యులతో సంఘ మేర్పడెను. వీరిలో నార్టను బారిష్టరు. దక్షిణ హిందూదేశపు న్యాయస్థానముల తీరును నిశితముగా విమర్శించి అంతకుముందే పుస్తకము ప్రకటించినవాడు. అట్టివానిని సంఘమున చేర్చుకొనుట ఆనాటి ప్రభుత్వము చేసిన మంచిపనులలో నొకటి యని యొప్పుకొనవలెను.

రైతునకు తన గోడు తన యూరిలోనే చెప్పుకొనుటకు అడ్డమేమి యుండెనని పాఠకులు అడుగవచ్చును. 1816వ సంవత్సరపు రెగ్యులేషనుల చొప్పున జిల్లాకు కలెక్టరే మేజిస్ట్రేటు. తాలూకాకు తహసీలుదారే పోలీసు పెద్ద. శిస్తు రాబట్టువాడును, ఆ రాబట్టుటలో దౌర్జన్యము జరిగినదను ఫిర్యాదును విచారించువాడును ఒక్కడే యగుటచే, దెబ్బలు తిన్నవాడు దెబ్బలు కొట్టించినవాని వాకిటికే పోయి, వాని గుమాస్తాచేతనే వాఙ్మూలము వ్రాయించుకొనవలసి యుండెను. పైయధికారికి విన్నవించుకొందమన్న ఆ కచ్చేరీ ఎన్నో ఆమడల దూరము. దారిబత్తెమునకు అప్పు, అచట కాచుకొని యుండుటకు మరికొంత అప్పు, తిరిగి వచ్చునప్పటికి పొలమున కలుపు, ఊరిలో కరణము యొక్కయు మునసబు యొక్కయు ఆగ్రహము. చిత్రహింస యున్నదను నిశ్చయముకంటె, దానికి పరిహారము పొందుటలో బాధితునకు గల దుర్ఘటత్వమే తమ్మెక్కువ నొప్పించినదని సంఘసభ్యులు తమ నివేదికలో అంగీకరించిరి. ఆ నివేదికయం దంతటను నాకు మిక్కిలి ముఖ్యముగా తోచునది ఈ యొప్పుకోలే.

సంఘమునకు అందిన ఫిర్యాదులు 1,959. అందు 519 మంది స్వయముగా హాజరై చెప్పుకొనిరి. తక్కిన 1,440 మంది కాగితములు పంపుకొనిరి. రెండు కోట్లకు పైబడిన ప్రజలున్న రాజధానికి ఇది స్వల్పసంఖ్యయే యని పెదవి విరుచుట సులభము. కాని దారిబత్తెము పెట్టుకొని చెన్నపట్టణము చేరి, తెల్లదొరల యెదుట నిలిచి, తిరిగి అదే తహసీలుదారుని యేలుబడిలోనికి పోయి బ్రదుకవలసిన ఒక్కొక్క మనుష్యుని వెనుక, ఆపాటి తెగువ లేక యూరనే నిలిచిపోయినవారెందరో ఊహింపవలెను.

వారు చెప్పిన సంగతులు వినుటకే కష్టముగా నుండును. రెండు కర్రలను ఒకకొన కలిపి బిగించి, నడుమ చేతులనో తొడలనో చెవులనో యిరికించి అదుము సాధనమునకు కిట్టి యని పేరు. మెడకును కాలివ్రేళ్ళకును త్రాడు తగిలించి మనుష్యుని వంచి, అట్లే జామున కొలది యుంచుట వేరొక విధము. వంగిన వీపుమీద రాయి యెత్తి మండుటెండలో నిలుపుట, అన్నము తిననీయకుండుట, కాలకృత్యములకు పోనీయకుండుట, పశువులను మేతకు వదలనీయక దొడ్డిలోనే మాడ్చుట, బంట్రోతును ఇంటిమీదికి తోలి వాని బత్తెము ఆ యింటివానిచేతనే పెట్టించుట, ఇవియెల్ల ఆ నివేదికలో కలవు. తరచుగా ఇంత ఘోరమునకును కారణము కొలదిపాటి బాకీయే. ఇచట గమనింపదగిన విశేష మొకటి కలదు: సర్కారు నౌకరులయెడ మీకు తృప్తి యున్నదా యని పొడిపొడిగా అడిగియుండినచో, ఉన్నదనియే మర్యాదకై పలువురు చెప్పియుందురు. ఏ యూర, ఏ ఫసలీలో, ఎవడు, ఎంత బాకీకై, ఏమి చేసెనని విడివిడిగా అడుగుటచేతనే రెవిన్యూ బోర్డు దస్తావేజులలో కానరాని రాజ్యము ఆ సాక్ష్యములలో కానవచ్చినది.

1855 ఏప్రిలులో వెలువడిన నివేదిక, చిత్రహింస ఉన్నమాట నిజమని తేల్చినది. దోషభారమును మాత్రము దేశీయులైన క్రింది యుద్యోగుల నెత్తిన బెట్టి, దొరలకు దీనియం దనుమతి లేదని వారిని ఒడ్డున చేర్చినది. ఇంత శిస్తు ఇన్ని దినములలో రావలెనని పైనుండి తరుముచుండిన దెవరను విచారణలోనికి లోతుగా దిగకుండుట ఆ సంఘమునకు పుట్టుకతో వచ్చిన లోపము. అడిగినవారును అడుగబడిన దోషమును ఒకే యింటివైనప్పుడు సమాధాన మెచ్చట ఆగునో ఈ తీర్పు చూపుచున్నది. 1857 సెప్టెంబరులో న్యూయార్కు డైలీ ట్రిబ్యూన్ పత్రికలో కారల్ మార్క్సు ఈ నివేదికనే ఆధారముగా గైకొని వ్యాసము వ్రాసి, దొరల నిర్దోషిత్వమును ప్రశ్నించెను. అయినను విచారణ నిష్ఫలము కాలేదు. రెవిన్యూ అధికారమును పోలీసు అధికారమును వేరుపరచవలెనను సూచన, 1859వ సంవత్సరపు 24వ చట్టముగా పరిణమించి, మదరాసు రాజధానికి ప్రత్యేకమైన పోలీసు శాఖ యేర్పడెను.

ఆ పిమ్మట శతాబ్దముపైన కాలమును మన మొక్క దాటున దాటవచ్చును. కమిషనులు, కమిటీలు, ఫిర్యాదు పెట్టెలు ఎన్నియో వచ్చినవి. పెట్టె తాళపుచెవి మాత్రము ఎవరిమీద ఫిర్యాదో వారియొద్దనే యుండెను.

1993లో బెంగుళూరు నగరమున ఆ తాళపుచెవిని వేరొకరు చేత బుచ్చుకొనిరి. అహమ్మదాబాదు మేనేజిమెంటు సంస్థకు పూర్వము డైరెక్టరుగా నుండిన శామ్యూల్ పాల్ అను ఆర్థికశాస్త్రవేత్త, నగరమున నీటి సరఫరా, విద్యుత్తు, ఆస్పత్రులు, టెలిఫోనులు, ఇండ్లస్థలముల కేటాయింపు మున్నగు సేవలు ఎట్లున్నవో, ప్రభుత్వము నడుగక, ఆ సేవలు పొందు కుటుంబములనే అడుగదలచెను. మధ్యతరగతి యిండ్లకును మురికివాడలకును పోయి, సుమారు పదునొకండు వందల కుటుంబములవారిని అడిగించెను. ప్రశ్నలు కూర్చుటలో ఆయన చూపిన మెలకువ చెప్పుకొనదగినది. ఆ కార్యాలయమునకు ఇటీవల నిజముగా పనిమీద పోయినవారినే ఆ కార్యాలయమును గూర్చి అడిగిరి: పని అయినదా, ఎన్ని మారులు తిరిగితిరి, సిబ్బంది ఎట్లు మాటలాడిరి, చేయి తడుపవలసి వచ్చెనా? బడిపిల్లవానికి ప్రోగ్రెసు కార్డు ఇచ్చినట్లు ఒక్కొక్క శాఖకు వచ్చిన మార్కులను పట్టికగా పత్రికలకు విడుదలచేసిరి. బెంగుళూరు అభివృద్ధి ప్రాధికారమునకు వచ్చినది నూటికి ఒక్క మార్కు. తృప్తి చెందితిమన్నవారు నూరింట ఒక్కరు. ఈ కార్యమును కొనసాగించుటకై 1994లో పబ్లిక్ అఫైర్స్ సెంటరు అను స్వతంత్రసంస్థ వెలసెను.

అట్టి మార్కులు చూచి శాఖలవారు కోపగింతురనియే యెవరైనను తలంతురు. చాలమంది మొగము చాటువేసిరి కూడ. విచిత్రమేమనగా, అట్టడుగున నిలిచిన ఆ ప్రాధికారపు అధిపతియే అందరికన్న ముందుగా, మేమేమి సరిదిద్దుకొనవలెనో చెప్పుడని ఆ సంస్థవారిని సంప్రదించెను. 1999లో రెండవమారు అడిగినప్పుడు తృప్తి కొంత పెరిగినది, దానితోపాటు లంచము నిచ్చుకొన్నామను వారి సంఖ్యయు పెరిగినది. ఈ రెండును ఒక్కమారే యెట్లు పెరిగెనని ఆశ్చర్యపడనక్కరలేదు; పని జరిగినందుకు సంతోషించుచు జేబు ఖాళీ యైనందుకు నిట్టూర్చు జనమును మన మెరుగుదుము. 2003లో మూడవమారు అడిగినప్పుడు తృప్తి మరికొంత హెచ్చి, లంచపు లెక్క తగ్గినది. నడుమ పదేండ్లకాలమున ప్రభుత్వములును, పౌరసంఘములును, పత్రికలును చేసిన ప్రయత్నము లనేకము. మార్పు అంతయు ఒక కాగితపు మహిమయే యని శామ్యూల్ పాల్ అభిమానులు చెప్పిన నేను సమ్మతింపను. కాని ఒకే ప్రశ్నను పదేండ్లపాటు పట్టువిడువక మూడుమారులడుగుట ఏ ప్రభుత్వశాఖయు తనంతట చేసియుండదు.

తెలుగునేలకు మరల వత్తము. 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ప్రారంభోత్సవము జరిగిన గ్రామీణ ఉపాధిహామీ పథకమునకు ఆధారమైన 2005వ సంవత్సరపు చట్టము, తన 17వ సెక్షనులో, జరిగిన పనులపై గ్రామసభ సామాజిక తనిఖీ జరుపవలెనని శాసించెను. రాజస్థానమున 1994 నుండి బహిరంగ విచారణలు నడపి, కూలీల హాజరుపట్టికలైన మస్టరు రోళ్ళను ఊరివారి నడుమ బిగ్గరగా చదివించిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ కార్యకర్తల అనుభవమును తెచ్చుకొని, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఈ పనిని రాష్ట్రమంతట క్రమబద్ధముగా సాగించెను. 2009లో దీనికై ప్రత్యేక సొసైటీనే నెలకొల్పెను.

కూలికుటుంబములకు చెందిన యువతీయువకులు కొలది దినముల శిక్షణ పొంది, దస్తావేజుల నకళ్ళు చేతబట్టుకొని, గడపగడపకు పోయి, నీ పేర ఇన్ని పనిదినములు వ్రాయబడియున్నవి, నీవు పోయితివా, ఇంత కూలి చెల్లించినట్లున్నది, నీకు ముట్టినదా యని అడుగుదురు. ఊరు విడిచి వలసపోయినవానికి, చచ్చిపోయినవానికి సహితము కూలి చెల్లించినట్లు వ్రాసికొనిన మస్టర్లు ఈ విధముగనే బయటపడినవి. తరువాత మండలకేంద్రమున ప్రజావేదిక. షామియానా క్రింద అధికారులొక ప్రక్క, కూలీలొక ప్రక్క. మైకులో పేరు చదువగా లేచి, "నాకు రాలేదయ్యా" అని చెప్పు ముసలమ్మను, ఆ సొమ్ము పంచవలసినవాడు అదే షామియానా క్రింద కూర్చుండి వినవలెను. 1816 నాటి అమరిక తలక్రిందు లగుట ఇచటనే.

దీనిని పొగడి ఊరకుండుట న్యాయము కాదు. ఈ తనిఖీల ఫలితములను పరిశీలించిన ఫర్జానా అఫ్రిది, వెగార్డ్ ఇవర్సన్ అను పండితులు అక్రమములు మొత్తముమీద తగ్గినట్లు కనుగొనలేదు. సులువుగా పట్టుబడు కూలిలెక్కల మోసముల స్థానమున, సామాన్యులకు అంతుపట్టని సామగ్రి బిల్లుల మోసములు హెచ్చినవని చూపిరి. ప్రజావేదికపై రూఢియైన సొమ్ములో వసూలైనదెంతయో విచారించిన మరింత విచారము కలుగును. అడుగుట నేర్చినాము, విన్నదానిపై చర్య గైకొనుటలో మాత్రము ఆరంభశూరులమే.

ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రములలోను సోమవారము వచ్చిన కలెక్టరు కార్యాలయముల ముందు అర్జీదారుల బారులు తీరుచున్నవి. ఈ కార్యక్రమమునకు ఒకప్పుడు స్పందన యనియు, ఇప్పుడు ప్రజావాణి యనియు, ప్రజాసమస్యల పరిష్కార వేదిక యనియు పేర్లు. ప్రభుత్వముతో పేరు మారుచున్నను సోమవారము మాత్రము మారలేదు. మరియొక వంక చేతిఫోను మ్రోగి, యంత్రస్వరము పలికి, సేవ మీకు తృప్తికరముగా నున్నచో ఒకటి నొక్కుడు, లేనిచో రెండు నొక్కుడని యడుగుచున్నది. పింఛను తెచ్చియిచ్చు మనుష్యునికి తన సంఖ్య తెలియునను బెదురు గల ముదుసలి ఏ మీట నొక్కునో చెప్పుట కష్టము కాదు. అట్లు పోగైన తృప్తిశాతములనే సభలలో గర్వముగా చదువుచున్నారు.

కావున రెండు ప్రభుత్వములకును నా విన్నపము: ఈ ప్రశ్నలను ఆయా శాఖలకు సంబంధములేని సంస్థచేత అడిగించుడు, తృప్తి యున్నదా యని గాక, ఎన్ని మారులు తిరిగిరో, ఎంత యిచ్చుకొనిరో అడిగించుడు, వచ్చిన ఫలితములను, అసంతృప్తులతో సహా, మండలములవారీగా తెలుగున అచ్చువేయించి, ఏటేట ప్రతి గ్రామ పంచాయతీ కార్యాలయపు గోడకు అంటింపుడు.