సిపాయి సమురాయ్ అయిన వైనం

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందని మనకో సామెత వుంది. చెయ్యి తిరగనివాళ్ళని వెక్కిరించడానికి పుట్టిన మాట అది. కానీ కావాలని, పనిగట్టుకుని, ఒక బొమ్మను ఇంకో బొమ్మగా మార్చేవాళ్ళు కూడా లోకంలో వున్నారు. వాళ్ళు చిన్నపిల్లలు కారు. కళ్ళజోళ్ళు పెట్టుకుని, ఉద్యోగాలు చేసుకునే పెద్దమనుషులు. ఇంగ్లండులోనో అమెరికాలోనో, రాత్రి భోజనాలయ్యాక దీపం ముందు కూర్చుంటారు. అంగుళమైనా లేని ప్లాస్టిక్ రోమన్ సిపాయి తల కోసేసి, వేరే తల అతికి, కాగితంతో కవచం తొడిగి, వీపున జెండా కట్టి అతగాణ్ణి జపాన్ సమురాయ్‌ని చేస్తారు. అలాంటివాళ్ళని ఓ యాభై మందిని తయారుచేసి, భోజనాలబల్ల మీద బారులు తీర్చి యుద్ధం ఆడుకుంటారు.

"ఇదేం పిచ్చమ్మా!" అని ఆ ఇళ్ళలో ఇల్లాళ్ళు అనుకోకుండా వుండరు. బల్ల ఖాళీ చేసి ఇవ్వాల్సింది వాళ్ళే కదా! కానీ ఈ పిచ్చికీ ఓ చరిత్ర వుంది. దాని కొస పట్టుకుని పోతే, చివరికి మనకి కనిపించేది వీరుడు కాదు, ఒక ఆడపిల్ల. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఈ ఆట ఎలా పుట్టిందో చూద్దాం. 1824 ప్రాంతంలో ప్రష్యా సైన్యాధికారులు పెద్ద పటం పరుచుకుని, దానిమీద చిన్నచిన్న ముక్కలు జరుపుతూ, పాచికలు వేస్తూ యుద్ధవిద్య నేర్చుకునేవారు. అది ఆట పేరుతో జరిగే చదువు. దాన్ని సరదాగా మార్చి ఇంట్లోకి తెచ్చినవాడు ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్. చంద్రుడి మీదికి మనుషుల్నీ, భూమి మీదికి అంగారకవాసుల్నీ కాగితం మీద నడిపించిన మహానుభావుడే. ఆయన సీసపు సిపాయిలతో నేలమీద యుద్ధం ఆడుకునే పద్ధతులన్నీ రాసి, 1913లో 'లిటిల్ వార్స్' అని పుస్తకం వేశాడు. స్ప్రింగు ఫిరంగితో పుల్లముక్కలు పేల్చి అవతలి సిపాయిని పడగొట్టడం అందులో ముఖ్యమైన ఘట్టం. ఆ ఆట పన్నెండేళ్ళ కుర్రాడి నుంచి నూట యాభై ఏళ్ళ కుర్రాడి దాకా అందరికీ పనికొస్తుందని అట్టమీదే చెప్పుకున్నాడు. మగపిల్లల ఆటలంటే ఇష్టపడే తెలివైన ఆడపిల్లలకి కూడా అని ఓ ముక్క తగిలించాడు. పోన్లెండి, తలుపు కాస్త ఓరగానైనా తెరిచాడు!

వెల్స్ చెప్పదలుచుకున్న అసలు మాట వేరే వుంది. నిజం యుద్ధంతో పోలిస్తే ఈ బొమ్మల యుద్ధం ఎంతో మేలు, ఇందులో ఏ తల్లికీ కడుపుకోత వుండదు అన్నది ఆయన వాదన. యుద్ధం చెయ్యాలని ఉబలాటపడే పెద్దలందరినీ ఒక గదిలో పెట్టి, చేతికి ఈ బొమ్మలిస్తే సరిపోతుందన్నాడు. ఎవరూ వినలేదు. పుస్తకం వచ్చిన మరుసటి సంవత్సరమే, 1914లో, మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది.

ఆ రోజుల్లో బొమ్మ సిపాయి అంటే సీసంతో పోసినవాడే. సీసం విషమని గట్టిగా గ్రహించాక, 1966తో ఇంగ్లండులో సీసపు సిపాయిల తయారీ ఆగిపోయింది. అప్పటికే ప్లాస్టిక్ సిపాయి వచ్చేశాడు. అతని పుట్టిల్లు ఏదో తెలిస్తే మీకు నవ్వొస్తుంది. 1939లో హంగరీ నుంచి వచ్చిన నికొలస్ కోవ్ అనే ఆయన లండన్లో 'ఎయిర్‌ఫిక్స్' అని ఓ కంపెనీ పెట్టాడు. మొదట గాలి వూదే రబ్బరు బొమ్మలు చేశారు. యుద్ధం అయ్యాక ప్లాస్టిక్ కరిగించి అచ్చులో పోసే యంత్రం తెచ్చుకుని దువ్వెనలు తీశారు. దువ్వెనలు తీసిన ఆ కంపెనీయే 1959 నుంచి చిట్టి సిపాయిల్ని డబ్బాల్లో పెట్టి అమ్మింది. దువ్వెనకీ సైనికుడికీ ఇంత దగ్గర చుట్టరికం వుందని ఎవరనుకుంటారు?

ఈ సిపాయిలు చవక. సీసపు బొమ్మ ఒకటి కొనే డబ్బుతో ఇవి బోలెడన్ని వచ్చేవి. అయితే తొలిరోజుల్లో రకాలు తక్కువ. రోమన్లు, రాబిన్‌హుడ్ దండు, కౌబాయ్‌లు, మొన్నటి యుద్ధపు సిపాయిలు, అంతే. ఇటు చూస్తే 1954లో వచ్చిన కురొసావా సినిమా 'సెవెన్ సమురాయ్' పుణ్యమా అని జపాన్ వీరులంటే పడమటి దేశాల్లో మోజు పెరిగింది. కావలసిన బొమ్మ అంగట్లో దొరక్కపోతే ఏం చేస్తాం? వున్నదాన్నే మార్చుకుంటాం. పాత చీరతో పిల్లకి పరికిణీ కుట్టే మన విద్య లాంటిదే ఇదీ.

ఇందులో మెళకువలు చాలా వున్నాయి. ఈ బొమ్మల ప్లాస్టిక్ మెత్తన. మన బిందెల్లాంటి, సంచుల్లాంటి సరుకే. దానికి జిగురు పట్టదు, రంగు నిలవదు. అందుకని ముందు సబ్బునీళ్ళతో శుభ్రంగా కడగాలి. తల మార్చాలంటే పదునైన బ్లేడుతో మెడ కోసి, కాల్చిన గుండుసూది మొండెంలోకి దించి, దానిమీద కొత్త తల గుచ్చాలి. రోమన్ సిపాయి తొడలదాకా వున్న అంగీతో వుంటాడు కనుక సమురాయ్‌కి పనికొస్తాడు. నడుం నుంచి వేలాడే కవచం రేకులకి సన్నగా కత్తిరించిన అట్టముక్కలు. భుజాలమీద పలకలకి పాతకాలపు టూత్‌పేస్టు ట్యూబు కోసి తీసిన లోహపు రేకు. శిరస్త్రాణం మీద కొమ్ములకీ అదే. కాలిబంటుకైతే కాగితంతో శంఖు ఆకారంలో టోపీ చుడితే చాలు. ఈటెకి గుండుసూది. సుత్తితో కొట్టి చదును చేస్తే అదే కత్తి. అన్నీ అయ్యాక తెల్లజిగురు పూత ఒకటి వేసి, ఆరాక రంగులు.

ఇక్కడే చరిత్ర మొదలవుతుంది. రంగు వెయ్యాలంటే అసలు ఏ రంగో తెలియాలి కదా! సమురాయ్ కవచం మన సినిమాల్లో రాజుగారి కవచంలా ఒకే రేకు కాదు. ఇనుముతోనో పచ్చితోలుతోనో చేసిన చిన్నచిన్న పలకలకి లక్క లాంటి నల్లటి పూత పూసి, వందల పలకల్ని పట్టుతాళ్ళతో వరసలు వరసలుగా అల్లేవారు. ఆ పట్టుతాళ్ళ రంగే కవచానికి అందం. ఒకరకంగా అది లోహపు నేత. చూడముచ్చటగానే వుండేది కానీ, వానలో తడిస్తే ఆ పట్టు నీళ్ళు పీల్చుకుని బరువెక్కేది, ఓ పట్టాన ఆరేది కాదు. చలికాలం గడ్డకట్టేది. రోజుల తరబడి దండులో తిరిగితే తాళ్ళ సందుల్లో పేలు పట్టేవి. తడిసిన పట్టుచీర ఆరబెట్టిన మనకి ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు.

1543లో పోర్చుగీసువాళ్ళ ద్వారా జపాన్‌కి తుపాకి వచ్చింది. 1575లో నాగషినో దగ్గర ఓదా నొబునాగా కర్రల దడి కట్టించి, దాని వెనకనుంచి కాలిబంట్లచేత తుపాకులు పేల్పించాడు. పేరుమోసిన తకెదా వంశపు రౌతులు ఆ దెబ్బకి కుప్పకూలారు. అలాంటి గుళ్ళకి తట్టుకోవాలని కవచంలో అల్లిక తగ్గింది, ఇనపరేకు పెరిగింది. కనుక బొమ్మ చేసేవాడు తన సమురాయ్ ఏ కాలంవాడో ముందే తేల్చుకోవాలి. లేకపోతే తాతగారి కోటు మనవడికి తొడిగినట్టుంటుంది.

వీపున కట్టే జెండా మరీ కష్టం. పోరులో మనవాడెవరో పరాయివాడెవరో తెలియడానికి ఒక్కొక్క వంశానికి ఒక్కొక్క గుర్తు. తకెదావాళ్ళకి నాలుగు వజ్రాలు. సనదావాళ్ళకి ఆరు నాణాలు. నాణాలేమిటి, డబ్బు మీద మోజా అనుకునేరు. చనిపోయినవాడు పరలోకానికి పోయే దారిలో ఓ నది దాటాలనీ, దాటించేవాడికి ఆరు నాణాలు ఇవ్వాలనీ జపానువాళ్ళ నమ్మకం. మనకి వైతరణి లేదూ, అలాగన్నమాట. ఆ రేవు కూలిని ముందే జెండామీద వేసుకుని బయలుదేరడమంటే, తిరిగి రావాలనే ఆశ పెట్టుకోలేదని అర్థం. ఆ వంశంలో పేరుపొందిన యుకిమురా 1615లో ఒసాకా కోట దగ్గర అలాగే ప్రాణం వదిలాడు. చిటికెనవేలి గోరంత కాగితం మీద ఆరు చుక్కలు పెట్టే మనిషి, ఆ చుక్కల అర్థం తెలిశాక, కుంచె కాసేపు పక్కన పెట్టకుండా వుండగలడా?

ఇప్పుడు నేను చెబుతానన్న ఆడపిల్ల దగ్గరికి వద్దాం. 1600 అక్టోబరులో సెకిగహరా మైదానంలో జపాన్ తలరాత మార్చిన యుద్ధం జరిగింది. బల్లమీద యుద్ధం ఆడేవాళ్ళకి అది మన కురుక్షేత్రమంత. దానికి దగ్గర్లోనే ఓగాకి కోట వుంది. ఓడిపోయిన పక్షంవాళ్ళది. ఆ కోటలో ఓ చిన్న ఉద్యోగి కూతురుండేది. ఆమెని ఓఆన్ అంటారు. ఎనభై ఏళ్ళు దాటి బతికి, ముసలితనంలో పిల్లలకి చెప్పిన తన చిన్ననాటి కబుర్లు తర్వాత పుస్తకంగా వచ్చాయి.

అందులో వీరగాథలు లేవు. పదమూడో ఏట కుట్టించిన ఒక్క బట్టని పదిహేడో ఏడు దాకా కట్టానని, పిక్కలు బయటపడి సిగ్గేసేదని చెప్పుకుంది. పూటపూటకీ గంజే కనుక, అన్న వేటకి వెళ్ళే రోజున మాత్రం అమ్మ అన్నం వండుతుందని, వేటకి వెళ్ళమని వాణ్ణి పోరేదట. ఇక కోట ముట్టడిలో ఆడవాళ్ళంతా కూర్చుని సీసం కరిగించి తుపాకి గుళ్ళు పోశారు. మగవాళ్ళు నరికి తెచ్చిన తలలకి చీటీలు కట్టి వరసగా పేర్చారు. పళ్ళకి నల్లరంగు వుంటే గొప్పింటివాడని లెక్క. అందుకని తెల్లపళ్ళ తలలకి నల్లరంగు పులమమని మగవాళ్ళు అడిగేవారు. వీళ్ళు పులిమేవారు. రాత్రి ఆ తలల మధ్యనే పడుకునేవారు. పద్నాలుగేళ్ళ తమ్ముడు గుండు తగిలి ఆమె కళ్ళముందే చనిపోయాడు. చివరికి ఓ రాత్రి గోడమీంచి తాళ్ళతో దిగి, తొట్టెలో కూర్చుని కందకం దాటారు. కొంతదూరం వెళ్ళారో లేదో తల్లికి నొప్పులొచ్చి ఆడపిల్ల పుట్టింది. పొలంలో నీళ్ళతోనే పురిటిస్నానం చేయించారు. తండ్రి బాలింతరాలిని భుజాన వేసుకుని నడిచాడు.

సెకిగహరా ఆటలో ఎన్ని వందల బొమ్మలు నిలబెట్టినా ఓఆన్ బొమ్మ వుండదు. ఆమె ఎన్ని అంగుళాలు నడవాలో ఏ నియమాల పుస్తకంలోనూ రాయలేదు. కానీ ఆ తుపాకుల్లో గుండు ఎవరి చేతుల్లోంచి వచ్చిందో ఆమె చెప్పింది. సీసం అదే సీసం. ఆమె దాన్ని గుళ్ళుగా పోసింది, తర్వాతివాళ్ళు సిపాయిలుగా పోశారు.

విచిత్రమేమంటే, సమురాయ్‌ని మొదట బొమ్మ చేసింది పడమటివాళ్ళు కాదు, జపానువాళ్ళే. 1588లో హిదెయోషి రైతుల దగ్గరున్న కత్తులన్నీ లాగేసి, ఆ ఇనుముతో బుద్ధుడి గుడికి మేకులు చేయిస్తానన్నాడు. 1615 తర్వాత రెండువందల ఏళ్ళకి పైగా దేశం చల్లగా వుంది. వీరులు లెక్కలు రాసుకునే గుమాస్తాలయ్యారు. వాళ్ళ ఆడపిల్లలు అత్తారింటికి నగినతా అనే పొడుగు కత్తి సారెతో పాటు పట్టుకెళ్ళేవారు. మగపిల్లల పండగ మే 5న ఇంట్లో వీరుల బొమ్మలు కొలువుతీరేవి. ఆడపిల్లలకేమో మార్చి 3న ఎర్రగుడ్డ పరిచిన మెట్లమీద రాజారాణీల బొమ్మలు, అచ్చం మన బొమ్మలకొలువులా. 1876లో కత్తి కట్టుకుని తిరగడం నిషేధించాక, కత్తులు చేసే కమ్మరులు కొందరు కూరగాయల చాకులు చేసి పొట్టపోసుకున్నారు. వంటింటికి వచ్చాక ఆ ఇనుముకి మంచి బుద్ధే వచ్చిందన్నమాట.

పిల్లాడికి బొమ్మ తుపాకి కొనివ్వాలా వద్దా అని ఇప్పటికీ తల్లులు తర్జనభర్జన పడుతూనే వుంటారు. బొమ్మ యుద్ధం నేర్పుతుందా, మాన్పుతుందా? వెల్స్ మాన్పుతుందన్నాడు, లోకం వినలేదు. ప్రష్యావాళ్ళు నేర్పుతుందని నమ్మి ఆడారు. నాకు తోచేది ఇది: కొన్న బొమ్మ ఏం నేర్పుతుందో చెప్పలేం కానీ, చేసిన బొమ్మ మాత్రం ఓర్పు నేర్పుతుంది. గంటసేపు యుద్ధానికి నెలలు కూర్చుని పట్టుతాళ్ళు గీసినవాడికి, పడిపోయే ప్రతి సిపాయీ ఎవరో ఒకరి కష్టమని తెలుస్తుంది. ఆట అయ్యాక అందర్నీ లేపి డబ్బాలో పెట్టుకోవచ్చు. ఓఆన్ తమ్ముణ్ణి అలా లేపడానికి లేకపోయింది. ఆ తేడా పిల్లాడికి చెప్పగలిగితే చాలు, బొమ్మ ఏదైనా ఫరవాలేదు.

ఇప్పుడు తయారు సమురాయ్‌లే డబ్బాల్లో దొరుకుతున్నారు. అయినా కోసి అతికేవాళ్ళు మానలేదు. 2019లో అమెరికాలో ఓ ఆరేళ్ళ పాప, ఆకుపచ్చ ప్లాస్టిక్ సిపాయిల్లో ఆడవాళ్ళు ఎందుకు లేరని బొమ్మల కంపెనీలకి ఉత్తరం రాసింది. పెన్సిల్వేనియాలో ఓ చిన్న సంస్థ ఆ మాట విని, 2020లో ఆడ సిపాయిల్ని అచ్చుపోసింది. బాగానే వుంది. కానీ నన్నడిగితే ఇంకో బొమ్మ కావాలి. పిక్కలపైకి ఎగిసిన పాతబట్టతో, చేతిలో సీసం కరిగే గిన్నెతో, కోట గోడపక్కన కూర్చున్న ఓ పిల్ల. కోయడానికి ఓ సిపాయీ, కట్టడానికి చిటికెడు గుడ్డా వుంటే చాలు. బల్లమీద ఓ మూల ఆమెని కూర్చోబెడితే, పాచికలు వేసేవాళ్ళు అప్పుడప్పుడూ అటు చూస్తారు.