బడిగోడ మీది పది ఆజ్ఞలు

అమెరికాలో ‘స్టేట్’ అన్న మాటకు కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌ల వంటి రాష్ట్రమని అర్థం చెప్పుకుంటే సగమే చెప్పుకున్నట్టు. భారతదేశంలో పార్లమెంటు చట్టం చేసి రాష్ట్రాల హద్దులు మార్చగలదు, 1953లోను 1956లోను 2014లోను మార్చింది కూడా. అమెరికాలో మాత్రం పదమూడు స్టేట్లు ముందే ఉండి, తమ అధికారాలలో కొన్నింటిని వదులుకోగా కేంద్రం ఏర్పడింది. (టెక్సస్ అయితే 1836 నుంచి 1845 దాకా వేరే దేశంగా ఉండి తరువాత చేరింది, ఆ గర్వం ఇప్పటికీ అక్కడివారి మాటలలో వినిపిస్తుంది.) కేంద్రానికి అప్పగించని అధికారాలన్నీ స్టేట్లవి, ప్రజలవి అని 1791 నాటి రాజ్యాంగపు పదో సవరణ చెప్పినందువల్ల బడి, పెళ్లి, నేరశిక్ష వంటివి చాలావరకు స్టేట్ శాసనసభల చేతిలోనే ఉండిపోయాయి. ఆ సభలలో బలం ఉన్నవారి మతమూ ఇష్టాయిష్టాలూ చట్టాలుగా మారడాన్ని, గిట్టనివారు వాటిపై కోర్టుకెక్కడాన్ని కలిపి అమెరికా పత్రికలు ‘కల్చర్ వార్’ అంటాయి. సంస్కృతి పేరిట సాగే ఈ పోరు తరచు వచ్చి వాలేది బడి మీదనే.

ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో కన్నడం చదువుకునే కర్ణాటక సరిహద్దులోని పేరేసంద్ర, బాగేపల్లి, చింతామణి వైపు పాఠకులకు ఈ సంగతి నెబ్రాస్కా కథతో సులువుగా బోధపడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ శత్రువు కావడంతో, ఎన్నో ఏళ్లుగా అక్కడ సేద్యం చేసుకుంటున్న జర్మన్ రైతుల భాష మీద కూడా అనుమానం పుట్టి, ఇంగ్లీషు తప్ప మరే భాషలోనూ బడిలో పాఠం చెప్పరాదని, ఎనిమిదో తరగతి దాటేదాకా పరభాష నేర్పరాదని 1919లో ఆ స్టేట్ చట్టం చేసింది. 1920 మే నెలలో రాబర్ట్ మేయర్ అనే ఉపాధ్యాయుడు చర్చి బడిలో పదేళ్ల పిల్లవాడికి బైబిలు కథను జర్మన్‌లో చదివిస్తుండగా స్టేట్ తరఫు న్యాయవాది తరగతిలోకి వచ్చాడు, ఆయన ఎదుటే మేయర్ పాఠం కొనసాగించాడు, 25 డాలర్ల జరిమానా పడింది. లాటిన్, గ్రీకు, హీబ్రూ నేర్పితే తప్పులేదని మన హైకోర్టు వంటి ఆ స్టేట్ సుప్రీం కోర్టు వివరించడంతో చట్టం గురి ఎక్కడ ఉన్నదో దాపరికం లేకుండా తేలిపోయింది. 1923 జూన్ 4న దేశ సుప్రీం కోర్టు 7–2 ఆధిక్యంతో ఆ శిక్షను కొట్టివేసింది. అయితే ఆ తీర్పు నిషేధాన్ని తొలగించిందే తప్ప, జర్మన్‌లో చదువు చెప్పే బాధ్యతను స్టేట్ మీద పెట్టలేదు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందేలా రాష్ట్రాలు ప్రయత్నించాలని చెప్పే భారత రాజ్యాంగపు 350ఎ అధికరణం వంటిది అమెరికాలో లేదు. ఆ అధికరణం కాగితం దాటి సరిహద్దు పల్లెల బడులలోకి ఎంత వచ్చిందన్నది ఆ పల్లెలవారికే బాగా తెలుసు.

నూరేళ్ల తరువాత ఇదే పోరు తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన టెక్సస్‌లో సాగుతున్నది. అక్కడి శాసనసభ రెండేళ్లకొకసారి, బేసి సంవత్సరంలో 140 రోజులు సమావేశమవుతుంది. 1994 తరువాత స్టేట్ అంతటా ఓటు వేసే ఎన్నికలలో ఒక్క డెమోక్రాట్ కూడా గెలవలేదు కనుక అసలు పోటీ రిపబ్లికన్ పార్టీ లోపలి ‘ప్రైమరీ’లో, అంటే అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో ముగుస్తుంది. దానికి వచ్చేవారు కొద్దిమందే, వచ్చేవారిలో గట్టి పట్టుదల ఉన్నవారే ఎక్కువ కాబట్టి, నీటి సంగతి, కరెంటు సంగతి కన్నా బైబిలు సంగతి మాట్లాడినవారికే అక్కడ లాభం.

ప్రతి ప్రభుత్వ బడి తరగతి గదిలోనూ కనీసం 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు గల పది ఆజ్ఞల పటం తగిలించాలని 2025లో గవర్నర్ గ్రెగ్ ఆబట్ సంతకంతో వచ్చిన చట్టం ఈ లెక్క నుంచి పుట్టినదే. పది ఆజ్ఞలంటే యూదులకూ క్రైస్తవులకూ పూజ్యమైన బైబిలు విధులు. వేరే దేవుళ్లను కొలవరాదని, విగ్రహాలు చేసుకోరాదని వాటిలో మొదటే ఉన్నది. ఇంటి పూజగదిలో దీపం వెలిగించి వచ్చిన పిల్లకు బడిగోడ చెప్పే పాఠం ఇది. కెంటకీ స్టేట్ చేసిన ఇటువంటి చట్టాన్ని సుప్రీం కోర్టు 1980లోనే కొట్టివేసిన సంగతి శాసనసభకు తెలియక కాదు. 2022లో ఒక ఫుట్‌బాల్ కోచ్ మైదానంలో చేసే ప్రార్థన కేసులో సుప్రీం కోర్టు, ఆ కెంటకీ తీర్పుకు ఆధారమైన పాత కొలమానాన్ని పక్కన పెట్టడంతో, కేసు పడితే పడనీ, పాత తీర్పే తిరగబడవచ్చునన్న ఆశతో చట్టాలు రాయడం మొదలైంది. యూదులు, క్రైస్తవులు, హిందువులు, ఏ మతమూ లేనివారు కలిసి వేసిన దావాలో 2025 ఆగస్టులో ఫెడరల్ (కేంద్ర) న్యాయమూర్తి ఫ్రెడ్ బియరీ కొన్ని స్కూల్ డిస్ట్రిక్టుల వరకు, అంటే ఎన్నికైన బోర్డులు నడిపే బడుల పరిధుల వరకు, చట్టాన్ని నిలిపివేశారు. ఆ ఉత్తర్వు మిగిలినవాటికి వర్తించలేదు. ఇటువంటి పౌరహక్కుల దావాలో స్టేట్ ఓడితే ఎదుటివారి లాయర్ల ఫీజు కూడా సాధారణంగా ప్రజాధనం నుంచే కట్టవలసి వస్తుంది, చట్టం తెచ్చిన నాయకుడికి మాత్రం గెలిచినా ఓడినా ప్రచారానికి లోటుండదు. టెక్సస్‌వారి విసుగంతా దానిమీదే.

న్యాయమూర్తి ఉత్తర్వు వచ్చిన మరుసటి నెలలోనే, సెనేట్ అభ్యర్థిత్వం కోరుతున్న అలెగ్జాండర్ డంకన్ అనే రిపబ్లికన్, అదే స్టేట్‌లో షుగర్ ల్యాండ్ ఊరిలోని అష్టలక్ష్మీ ఆలయంలో 2024లో చినజీయర్ స్వామి ఆధ్వర్యంలో వెలసిన 90 అడుగుల హనుమంతుని విగ్రహాన్ని తప్పుడు దేవుడిదన్నాడు. బడిగోడ మీది పటం వల్ల తమకేమీ నష్టం లేదనుకున్న తెలుగు కుటుంబాలకు ఆ మాట అర్థమై ఉండాలి.

2022లో కర్ణాటకలో హిజాబ్ వివాదం రేగి, ఆ ఏడాది మార్చి 15న హైకోర్టు యూనిఫాం గురించిన ప్రభుత్వ ఉత్తర్వును సమర్థించగా, అక్టోబరు 13న సుప్రీం కోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరొక తీర్పు చెప్పినప్పుడు భారతదేశంలోనూ బడిలో మతానికి ఎంత చోటన్న ఈ ప్రశ్నే తలెత్తింది. దీనికి చాలా ముందే, జెండాకు వందనం చేయని, యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖవారి పిల్లలను బడి నుంచి తీసివేయరాదని 1943లో వెస్ట్ వర్జీనియా కేసులో అమెరికా సుప్రీం కోర్టు చెప్పింది; మూడేళ్ల కిందటే తాను ఇచ్చిన తీర్పును తానే సరిదిద్దుకుని చెప్పింది. జాతీయగీతం పాడనందుకు కేరళలో బడి నుంచి వెళ్లగొట్టిన అదే మతంవారి ముగ్గురు పిల్లల పక్షాన 1986లో భారత సుప్రీం కోర్టు తీర్పు చెప్పినప్పుడు ఆ అమెరికా తీర్పును ఆసరాగా తీసుకున్నది. దానిని రాసినవారు తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి.